వెనిజెలోస్ – పన్నెండు ద్వీపాలు

గ్రీసు, ఇటలీ మధ్యధరా సముద్రంలో ఇరుగుపొరుగు దేశాలు. రోము, గ్రీసుల ప్రాచీన కథ మనం క్లాసుల్లో ఎంతో కొంత చదువుకున్నదే. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రెండూ ఎలా పోట్లాడుకున్నాయో, ఎలా చేతులు కలిపాయో, మళ్ళీ ఎలా కత్తులు దూసుకున్నాయో మాత్రం మన పాఠ్యపుస్తకాలు పెద్దగా చెప్పవు. ఆ కథలో ఎక్కువ భాగం ఒక్క మనిషి జీవితంలోనే కనబడుతుంది. ఆయన పేరు ఎలెఫ్తెరియోస్ వెనిజెలోస్.

వెనిజెలోస్ 1864లో క్రీటు ద్వీపంలో, హానియా పట్టణం పక్కనున్న మూర్నియెస్ అనే పల్లెలో పుట్టాడు. జనంలో ఎక్కువమంది గ్రీకులే అయినా అప్పటికి క్రీటు టర్కీ సుల్తాను ఏలుబడిలో ఉండేది. తండ్రి వర్తకుడు. కొడుకు ఏథెన్సులో లా చదివి, 1887లో పట్టా పుచ్చుకుని, హానియా తిరిగొచ్చి ప్లీడరీ పెట్టాడు. కాని మనసంతా రాజకీయాల మీదే. క్రీటు గ్రీసులో కలవాలన్నదే ఆయన పట్టు.

1897లో తిరుగుబాటు లేచింది. హానియా దగ్గర అక్రోతిరి గుట్టల మీద మకాం వేసిన తిరుగుబాటుదార్లలో వెనిజెలోస్ కూడా ఉన్నాడు. అగ్రరాజ్యాల యుద్ధనౌకలు సముద్రంలోంచి ఆ గుట్టల మీదికి ఫిరంగులు పేల్చాయి. ఆ ఉమ్మడి నౌకాదళానికి పెద్దగా ఉన్నవాడు ఇటలీ అడ్మిరల్ కనెవారో. పెద్ద రాజ్యాలన్నీ ఒక్కటైతే చిన్న జాతి గతి ఏమవుతుందో ఆ యువకుడికి అక్కడే అర్థమై ఉండాలి.

1910లో వెనిజెలోస్ గ్రీసు ప్రధానమంత్రి అయ్యాడు. మరుసటి ఏడే గ్రీకు నౌకాదళంలో అవెరోఫ్ అనే కొత్త క్రూజరు చేరింది. గ్రీకు సంపన్నుడొకడు వీలునామాలో రాసిపోయిన డబ్బు కొంత కలిపి, ఇటలీలోని లివోర్నో రేవులో కట్టించి తెచ్చుకున్న ఓడ అది. బాల్కన్ యుద్ధాల్లో ఏజియన్ సముద్రం మీద గ్రీసుకు పైచేయి తెచ్చిపెట్టింది ఆ ఇటలీ ఓడే. ఆ యుద్ధాలతో గ్రీసు విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది. 1913 డిసెంబరులో క్రీటు కూడా లాంఛనంగా గ్రీసులో కలిసింది. వెనిజెలోస్ చిన్ననాటి కల పండింది.

ఒక్క ముల్లు మాత్రం మిగిలిపోయింది. లిబియా కోసం టర్కీతో యుద్ధం చేస్తున్న ఇటలీ 1912 వసంతంలో రోడ్స్‌నూ, దాని చుట్టుపక్కల దీవులనూ పట్టుకుంది. వీటినే డొడెకనీస్, అంటే పన్నెండు ద్వీపాలు అంటారు. అక్కడి జనంలో చాలామంది గ్రీకులు. టర్కీ పీడ వదిలిందని వాళ్ళు మొదట సంతోషించారు. పట్మోస్ ద్వీపంలో సభ చేసి, తమకు గ్రీసులో కలవాలని ఉందని తీర్మానం కూడా చేశారు. కాని తాత్కాలికమంటూ దిగిన ఇటలీ మళ్ళీ కదల్లేదు. పైగా 1915లో లండన్‌లో జరిగిన రహస్య ఒడంబడికలో మిత్రరాజ్యాలు ఆ దీవులు ఇటలీవేనని రాసిచ్చేశాయి. తమవైపు యుద్ధంలో దిగినందుకు ఇచ్చిన కట్నాల్లో అదొకటి.

మొదటి ప్రపంచ యుద్ధంలో గ్రీసు ఎటువైపు ఉండాలన్న విషయంలో వెనిజెలోస్‌కూ రాజు కాన్‌స్టంటైన్‌కూ చెడింది. దేశం రెండు ముక్కలైంది. 1916లో వెనిజెలోస్ సలోనికాలో వేరే ప్రభుత్వం పెట్టాడు. 1917లో రాజు దేశం విడిచిపోయాడు, వెనిజెలోస్ ఏథెన్సు చేరాడు, గ్రీసు మిత్రరాజ్యాల పక్షాన యుద్ధంలో దిగింది. అట్లా 1919లో పారిస్ శాంతి సభకు గెలిచినవాళ్ళ వరుసలో వెళ్ళాడాయన.

ఆ సభలో ఇటలీతో ఆయన ఆడిన చదరంగం గమనించదగ్గది. ఆసియా మైనరు తీరాన ఉన్న స్మిర్నా మీద గ్రీసుకూ కన్నే, ఇటలీకీ కన్నే. వేరే తగాదాలో అలిగి ఇటలీ ప్రతినిధులు పారిస్ విడిచిపోయారు. వాళ్ళు తిరిగొచ్చేలోపలే మిగిలిన ముగ్గురు పెద్దలు స్మిర్నాలో గ్రీకు సైన్యం దిగవచ్చునని తేల్చేశారు. మే 15న సైన్యం దిగింది. తర్వాత రెండు నెలలకే వెనిజెలోస్ ఇటలీ విదేశాంగమంత్రి టిట్టోనీతో కూర్చుని ఒప్పందం చేసుకున్నాడు. దాని ప్రకారం రోడ్స్ తప్ప మిగతా దీవులు గ్రీసుకు రావాలి. బదులుగా అల్బేనియాలో ఇటలీ కోరికలకు గ్రీసు అడ్డురాకూడదు.

ఆ కాగితం ఏడాది బతికింది. 1920 జులైలో ఇటలీ అది చెల్లదంది. ఆగస్టులో సెవ్ర్ సంధి జరిగిన రోజునే ఇంకో ఒప్పందం రాసుకున్నారు. 1922లో టర్కీ చేతిలో గ్రీకు సైన్యం చిత్తుగా ఓడిపోగానే ఇటలీ దాన్నీ తోసిపుచ్చింది. బలం ఉన్నన్నాళ్ళే సంతకానికి విలువ అన్నమాట. అప్పటికి వెనిజెలోస్ పదవిలో లేడు. 1920 నవంబరు ఎన్నికల్లో ప్రజలు ఆయన్ని ఓడించారు. అయినా ఓటమి తర్వాత లోజాన్‌లో బేరమాడ్డానికి మళ్ళీ ఆయన్నే పంపారు. 1923 జులైలో ఆయన సంతకం పెట్టిన ఆ సంధిలో పన్నెండు ద్వీపాలూ ఇటలీ పరమయ్యాయి. టర్కీ నుంచి సుమారు పన్నెండు లక్షల మంది గ్రీకులు కట్టుబట్టలతో గ్రీసు చేరారు.

నెల తిరిగిందో లేదో మరో దెబ్బ తగిలింది. గ్రీసు-అల్బేనియా సరిహద్దు తేల్చే పనిలో ఉన్న ఇటలీ జనరల్ టెల్లినీని ఎవరో కాల్చి చంపారు. ముసోలినీ తాఖీదు పంపి, 1923 ఆగస్టు 31న కోర్ఫూ దీవి మీద ఫిరంగులు పేల్పించాడు. గుండ్లు పడ్డది పాతకోట మీద. అందులో తలదాచుకుంటున్నది ఆసియా మైనరు నుంచి వచ్చిన కాందిశీకులు. కనీసం పదిహేనుమంది చనిపోయారు, వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. నానాజాతి సమితి గట్టిగా ఏమీ చెయ్యలేకపోయింది. గ్రీసు ఐదు కోట్ల లీరాలు జరిమానా కట్టాక, సెప్టెంబరు నెలాఖరుకు ఇటలీ దీవి ఖాళీ చేసింది.

ఐదేళ్ళు గడిచాయి. 1928లో వెనిజెలోస్ బ్రహ్మాండమైన మెజారిటీతో మళ్ళీ ప్రధాని అయ్యాడు. అయ్యాక ఆయన మొదట చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఏమిటనుకుంటున్నారు? రోముకు వెళ్ళాడు. సెప్టెంబరు 23న, కోర్ఫూ మీద గుండ్లు వేయించిన ఆ ముసోలినీతోనే స్నేహ ఒప్పందం మీద సంతకం చేశాడు. తగవులొస్తే రాజీకి కూర్చోవాలి, కుదరకపోతే న్యాయస్థానానికి వెళ్ళాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. పన్నెండు ద్వీపాల ఊసు మాత్రం అందులో లేదు.

డొడెకనీస్ ప్రజలకు ఇది కడుపుమంట కలిగించింది. వాళ్ళ కోపం న్యాయమైందే. క్రీటు విముక్తికి తుపాకీ పట్టినవాడే ఇంకో గ్రీకు దీవిని బల్ల మీంచి పక్కకు నెట్టేశాడంటే ఎవరికి బాధ కలగదు?

కాని ఆయన ముందున్న లెక్క వేరు. చుట్టూ ఏ పొరుగుతోనూ గ్రీసుకు పొత్తు కుదరలేదు. సలోనికా రేవు విషయంలో యుగోస్లావియా ఒత్తిడి చేస్తోంది. టర్కీతో ఆస్తుల తగాదాలు తెగలేదు. లక్షల మంది కాందిశీకులకు ఇళ్ళూ, భూములూ, బడులూ కావాలి. అన్నిటికన్నా ముందు కావలసింది వ్యవధి. ఇటలీతో స్నేహం కుదిరాక యుగోస్లావియా మెత్తబడి, 1929లో ఒప్పందానికొచ్చింది. 1930 అక్టోబరులో ఆయన అంకారా వెళ్ళి టర్కీతోనూ చెయ్యి కలిపాడు. 1934లో ఒకనాటి శత్రువు ముస్తఫా కెమాల్ పేరును నోబెల్ శాంతి బహుమతికి తానే సూచించాడు.

చివరి రోజులు మాత్రం విషాదం. 1932లో పదవి పోయింది. 1933లో ఆయన మీద హత్యాప్రయత్నం జరిగింది. 1935 మార్చిలో తన అనుచరులైన సైనికాధికారులు లేవదీసిన తిరుగుబాటుకు అండగా నిలబడ్డాడు. ఇది ఆయన జీవితంలో పెద్ద పొరపాటని చెప్పక తప్పదు. ఓట్లతో ఎదిగినవాడు చివరికి ఫిరంగులను నమ్ముకున్నాడు. తిరుగుబాటు విఫలమైంది. ఆయన క్రీటు నుంచి పారిపోయాడు. ఎక్కిన ఓడ అవెరోఫ్. దిగిన చోటు డొడెకనీస్‌లోని కాసోస్. ఏ దీవులను ఇటలీ నుంచి రాబట్టలేకపోయాడో ఆ దీవుల్లోనే ఇటలీ అధికారుల దగ్గర ఆశ్రయం పొందవలసి వచ్చింది. అక్కణ్ణుంచి ఇటలీ మీదుగా పారిస్ చేరాడు. స్వదేశంలో ఆయన పరోక్షంలోనే మరణశిక్ష వేశారు. 1936 మార్చి 18న పారిస్‌లోనే కన్నుమూశాడు.

రోము ఒప్పందం ఆయన పోయాక ఐదేళ్ళు కూడా నిలవలేదు. 1940 ఆగస్టులో డొడెకనీస్‌లోని లెరోస్ దీవి నుంచి బయల్దేరిన ఇటలీ జలాంతర్గామి, టీనోస్ రేవులో లంగరు వేసి ఉన్న గ్రీకు యుద్ధనౌక ఎల్లీని ముంచేసింది. అక్టోబరు 28 తెల్లవారకముందే ఇటలీ రాయబారి గ్రీసు ప్రధాని మెటాక్సాస్ ఇంటికి తాఖీదు పట్టుకొచ్చాడు. ఒకప్పుడు వెనిజెలోస్ దగ్గర పనిచేసి, తర్వాత ఆయనకు బద్ధవిరోధి అయిన మెటాక్సాస్ దాన్ని తిరస్కరించాడు. గ్రీకు సైన్యం ఇటలీ దండును అల్బేనియాలోకి తరిమికొట్టింది. యుద్ధమయ్యాక 1947 పారిస్ సంధిలో ఇటలీ పన్నెండు ద్వీపాలను గ్రీసుకు వదులుకుంది. 1948 మార్చిలో అవి లాంఛనంగా విలీనమయ్యాయి.

మరి రోములో ఆయన చేసింది ఒప్పా, తప్పా? సంతకం యుద్ధాన్ని శాశ్వతంగా ఆపలేదు, నిజమే. కాని పన్నెండేళ్ళు వాయిదా వేసింది. ఆ పన్నెండేళ్ళలో కాందిశీకులు రైతులయ్యారు, కార్మికులయ్యారు, పౌరులయ్యారు. వాళ్ళ పిల్లలు అల్బేనియా కొండల్లో ఇటలీని ఎదిరించి నిలబడ్డారు. ఆ వ్యవధికి ధర చెల్లించినవాళ్ళు మాత్రం డొడెకనీస్ ప్రజలే. 1936లో వచ్చిన ఇటలీ గవర్నరు అక్కడ గ్రీకు చదువును అణగదొక్కాడు. ఈ రెండు నిజాల్లో ఏ ఒక్కటి మరిచిపోయినా వెనిజెలోస్ మనకు పూర్తిగా అర్థం కాడు. హక్కును వాయిదా వెయ్యడం వేరు, వదులుకోవడం వేరు అనే మాట పదవిలో కూర్చున్నవాడికి సులువే. ఆ వాయిదా కాలమంతా పరాయి పాలనలో గడిపేవాడికి అంత సులువు కాదు.

ఆయన సమాధి హానియా ఎదుట అక్రోతిరి గుట్ట మీద ఉంది. 1897లో అగ్రరాజ్యాల ఫిరంగి గుండ్లు పడ్డ గుట్టలు అవే. అక్కడ నిలబడితే కింద సముద్రం కనబడుతుంది. ఇప్పుడందులో పరాయి యుద్ధనౌకల దిగ్బంధం లేదు. గ్రీసు, ఇటలీ రెండూ ఈనాడు ఒకే ఐరోపా సమాఖ్యలో సభ్యులు. లివోర్నోలో పుట్టిన అవెరోఫ్ ఏథెన్సు దగ్గరి రేవులో మ్యూజియంగా, బడిపిల్లలు ఎక్కి చూసే ఓడగా నిలిచి ఉంది.