చెఱువును దైవముగా నెంచిన కెంపేగౌడ

తటాకమును, వనమును నిలుపుట పుణ్యమని మన పెద్దలు వానిని సప్తసంతానములలో చేర్చిరి. ఆ ధర్మమును ఆచరించి చూపిన ప్రభువు మొదటి కెంపేగౌడ. విజయనగర సామంతుడై యలహంకను పాలించుచు, 1537లో ఆయన బెంగుళూరు కోటను నిర్మించెను. ఇచ్చట జీవనది లేదు, వాననీరే ఆధారము. కావున ఆలయములతోపాటు చెఱువులను త్రవ్వించెను. ఒకదానికి ధర్మాంబుధి యనియు, మఱొకదానికి కులదేవత కెంపమ్మ పేర కెంపాంబుధి యనియు నామకరణము చేసెను. ధర్మమును, దైవమును నీటితో ముడివేసెనని ఆ పేర్లే చెప్పుచున్నవి. 1569లో ఆయన కాలధర్మము నొందెను.

ధర్మాంబుధి యెండిపోయెను, ఆ చోట నేడు బస్సు నిలయము కలదు. కెంపాంబుధి మిగిలియున్నది. బాలలారా, మన మహదేవపుర చెఱువున చెత్త వేయుట గుడిలో వేయుటతో సమానమని యెఱుగుడు.