వెట్టిని ఎదిరించిన ఐలమ్మ

చాకలి ఐలమ్మ 1895లో వరంగల్ జిల్లా కృష్ణాపురంలో జన్మించింది. పాలకుర్తికి కోడలిగా వచ్చింది. ఊరి బట్టలు ఉతకడం వాళ్ళ కులవృత్తి. నిజాం కాలంలో దొర గడీలో ఆ పనికి కూలి ఉండేది కాదు. పిలిస్తే పోవాల్సిందే. కుమ్మరికి, మంగలికి కూడా అదే గతి. దానినే వెట్టిచాకిరీ అన్నారు.

ఐలమ్మ భూమి కౌలుకు తీసుకుని సాగు చేసింది. జనం 'సంఘం' అని పిలిచే ఆంధ్ర మహాసభలో చేరింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్నెర్రజేసి ఆమె పంటను ఎత్తుకుపోవడానికి మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు అండగా నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఎన్ని కష్టాలు వచ్చినా ఆమె వెనక్కి తగ్గలేదు. 1985 సెప్టెంబర్ 10న కన్నుమూసింది.

గడీలు పోయినా వెట్టి పూర్తిగా పోలేదు. సెలవుల్లో మనలో కొందరం హోటళ్ళకు, లాండ్రీలకు పనికి పోతాం. ఇంట్లో అవసరానికి యజమాని అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కదలొద్దంటే అదీ వెట్టే. 1976 చట్టం ప్రకారం అలాంటి అప్పు చెల్లించనక్కరలేదు. పని చేయించిన వారికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. పిల్లల కోసం 1098కి ఫోన్ చేయవచ్చు.

రేపు మనమే చిన్న షాపు పెడితే, పనివాళ్ళకు నెలనెలా జీతం చేతికిద్దాం. వాళ్ళ కాగితాలు మన దగ్గర పెట్టుకోవద్దు. పిల్లలను బడికి పంపిద్దాం. ఐలమ్మకు మనం ఇచ్చే నివాళి అదే.