నవ్వించి వెళ్ళిపోయిన కేరోల్ లొంబార్డ్

ఫిల్మ్ క్లబ్బులో ‘టు బి ఆర్ నాట్ టు బి’ చూసి కడుపుబ్బ నవ్వాను. అందులోని నాయిక కేరోల్ లొంబార్డ్ ఆ చిత్రం విడుదలకు ముందే చనిపోయిందని తర్వాత తెలిసి మనసు కలుక్కుమంది. ఆమె గురించి వెతికి చదివాను.

అసలు పేరు జేన్ ఆలిస్ పీటర్స్. 1908లో అమెరికాలోని ఫోర్ట్ వేన్‌లో పుట్టింది. పన్నెండేళ్ళకే తెరమీద కనిపించింది. తొలి యౌవనంలో కారు ప్రమాదం జరిగి, పగిలిన అద్దం ఎడమ చెంపను కోసేసింది. ముఖమే పెట్టుబడి అయిన వృత్తిలో మచ్చ పడితే ఇంకేముంది? అయినా ఆమె ఇంట్లో కూర్చోలేదు. మాక్ సెనెట్ తీసే చిన్న హాస్యచిత్రాల్లో చేరి నవ్వించే విద్య నేర్చుకుంది. 1934లో ‘ట్వెంటియత్ సెంచరీ’ ఆమెను హాస్యనాయికగా నిలబెట్టింది. 1936లో వచ్చిన ‘మై మాన్ గాడ్‌ఫ్రే’కు ఆస్కార్ నామినేషన్ దక్కింది.

1942 జనవరి 15న ఇండియానాపొలిస్‌లో యుద్ధ బాండ్లు అమ్మి, ఒక్కరోజులో ఇరవై లక్షల డాలర్లకు పైగా సేకరించింది. మర్నాడు తిరుగు ప్రయాణంలో విమానం లాస్ వేగాస్ దగ్గర కొండను ఢీకొంది. తల్లితో సహా 22 మందీ మరణించారు. అప్పటికామెకు 33 ఏళ్ళు.

ఒక్క పేపరు పోతేనే బతుకంతా పోయిందనుకున్నవాణ్ణి నేను. ఇప్పుడా మాట అనాలంటే సిగ్గేస్తోంది.