దామెర్ల రామారావు: తిరిగొచ్చిన చిత్రకారుడు

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లలో మళ్లీ అట్టపెట్టెలు దిగుతాయి. టీసీ, కొత్త బడి, కొత్త స్నేహాలు. మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే మనం కాసేపు ఆలోచించుకోవాలి. పిల్లలూ, అందుకే ఈసారి ఒక ఊరిని గట్టిగా పట్టుకున్న చిత్రకారుడి గురించి చెప్పుకుందాం.

దామెర్ల రామారావు 1897లో రాజమహేంద్రవరంలో పుట్టారు. నన్నయ మహాభారతాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టిన ఊరది. రామారావుకు చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే ప్రాణం. అప్పట్లో అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు. ఆయన కూడా ఉద్యోగరీత్యా వచ్చినవారే. ఆ కుర్రవాడి గీతలో బలం ఉందని ముందుగా గుర్తించింది ఆయనే. అడివి బాపిరాజుకూ ఆయనే గురువు. కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు.

చదువయ్యాక గుజరాత్ వైపు తిరిగారు, బొమ్మలు వేశారు, పేరు తెచ్చుకున్నారు. కలకత్తా ప్రదర్శనలో వైస్రాయ్ బహుమతి కూడా అందుకున్నారు. పెద్ద నగరంలో స్థిరపడితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ ఆయన గోదావరి ఒడ్డుకే తిరిగొచ్చి, 1923లో సొంత ఊళ్లోనే చిత్రకళాశాల పెట్టారు. నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లు బొంబాయి దాకా వెళ్లే పని లేకుండా చేశారు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టినవారే.

రెండేళ్లు గడవకముందే, 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. మేము ఆ వయసు ఎప్పుడో దాటేశాం. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. అయినా ఆయన పని ఆగలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం, మరికొందరు దాన్ని మోశారు. ఆయన పేరిట ఉన్న చిత్రశాల నేటికీ రాజమహేంద్రవరంలో ఉంది.

ఈ కథలో మనకు ఇద్దరూ కావాలి. రామారావు తన ఊరికి తిరిగొచ్చారు. మనలో చాలామందికి అలా తిరిగి వెళ్లే ఊరు ఉండకపోవచ్చు. కూల్డ్రే మాత్రం అచ్చం మనలాంటివారు. కొన్నేళ్లు ఉండి, స్వదేశం వెళ్లిపోయారు. ఉన్నన్నాళ్లూ ఆ ఊరిని కళ్లు తెరిచి చూశారు, ఒక పిల్లవాడి చేయి పట్టుకున్నారు. అదే అక్కడ మిగిలింది.

ఈ ఊరికి మనం ఎన్నాళ్ల చుట్టాలమో తెలియదు. వెళ్లేలోగా ఇక్కడి బొమ్మలు గీసేవారిని, కుండలు చేసేవారిని, పాటలు పాడేవారిని ఒక్కసారైనా కలుద్దాం.