వేరు కొస గుట్టు పట్టిన డార్విన్

ముంబయి ఫాక్‌లాండ్ రోడ్, కామాఠిపురా పాత చాళ్లలో ఉండే తెలుగోళ్లకు గోడలో మొలిచే రావి మొక్క కొత్తేం కాదు. పైపైన కోసేస్తే మళ్లీ చిగురిస్తుంది. లోపల వేర్లు పాయలు పాయలుగా చీలి ఇటుకల సందుల్లోకి దూరతాయి. వానాకాలం వస్తే గోడ ఏమవుతుందోనని గుబులు. ఇంతకీ వేరుకు ఎటు వంగాలో, ఎక్కడ చీలాలో చెప్పేదెవరు? ఈ గుట్టుకు తొలి ఆచూకీ ఇచ్చిన వారిలో చార్లెస్ డార్విన్ ఒకరు.

ఆయన 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టారు. తండ్రి పేరున్న డాక్టర్. కొడుకునూ డాక్టర్ని చేద్దామని ఎడిన్‌బరో పంపారు. మత్తుమందు లేని ఆ రోజుల్లో ఆపరేషన్లు చూడలేక ఆయన ఆ చదువు వదిలేశారు. 1831లో బీగిల్ ఓడెక్కి అయిదేళ్లు ప్రపంచం చుట్టొచ్చారు. 1859లో జీవపరిణామంపై తెచ్చిన పుస్తకంతో పేరు మారుమోగింది.

చాలామందికి తెలిసిన కథ అంతవరకే. డెబ్భై ఏళ్ల వయసులోనూ ఆయన ఊరుకోలేదు. డౌన్ గ్రామంలోని ఇంట్లోనే కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి చిక్కుడు జాతి గింజలు మొలకెత్తించారు. కొన్ని వేర్ల కొసలు కోశారు, కొన్నిటిని సిల్వర్ నైట్రేట్‌తో కాల్చారు. కొస ఉన్న వేరు నేలవైపు వంగింది. కొస పోయింది వంగలేదు. కొస నుంచి ఏదో కబురు అందితేనే పైభాగం వంగుతోందని 1880లో పుస్తకం రాశారు. జర్మనీలో వృక్షశాస్త్ర దిగ్గజం జూలియస్ సాక్స్ ఒప్పుకోలేదు. ఇంట్లో చేసిన ప్రయోగాలకు విలువేంటని తీసిపారేశారు. ఆ తగవు తేలకుండానే 1882 ఏప్రిల్ 19న డార్విన్ కన్నుమూశారు.

కబురు నిజమేనని తర్వాత తేలింది. 1926లో హాలండ్‌లో ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల కొసల నుంచి ఆ రసాయనాన్ని రాబట్టారు. అదే ఆక్సిన్. వేర్లు పుట్టించేదీ అదేనని 1930ల్లో రుజువైంది. చిగుళ్లలో తయారై కిందికి దిగుతుంది. వేరు లోపలి పొరలో ఎక్కడ పోగుపడితే అక్కడ పిల్లవేరు మొదలవుతుంది. సైటోకైనిన్ అనే మరో రసాయనం దానికి కళ్లెం వేస్తుంది. వేరు కొస తెగితే పక్కవేర్లు పుంజుకుంటాయి. నారు పీకి నాటినా మడి నిలదొక్కుకునేది అందుకే. నర్సరీల్లో కొమ్మలకు వేర్లు రావడానికి అద్దే పొడీ ఆక్సిన్ రకమే.

పొలంలో మేలు చేసే ఈ గుణమే గోడలో చేటు. రావి మొక్కను పైపైన కోసి వదిలేస్తే లాభం లేదు. చిన్నప్పుడే వేరుతో సహా తీసేయాల్సిందే.