రెనాల్డ్స్ గారూ, మా నాన్న బండీ

ఇంజిన్ ఆయిల్ మీద మా ఇంట్లో పోయిన సెలవుల్లో పెద్ద చర్చే నడిచింది. నాన్నది పాత 100 సీసీ బండి. దాని మీదే రోజూ పాల కేంద్రాల చుట్టూ తిరుగుతాడు. 2000 కిలోమీటర్లు తిరిగిందా, నల్లబడిందో లేదో కూడా చూడకుండా మామూలు ఆయిల్ మార్పించేస్తాడు. నేనేమో మెకానికల్ థర్డ్ ఇయర్ కదా, సింథటిక్ పోస్తే 10,000 దాకా ముట్టుకోనక్కర్లేదని లెక్చర్ ఇచ్చాను. ఇచ్చి ఊరుకున్నా బాగుండేది. మామయ్య కారుకి పోయగా మిగిలిన సింథటిక్ డబ్బా తెచ్చి బండిలో పోసేశాను. వారం తిరక్కుండా క్లచ్ జారడం మొదలైంది. ఎక్సలేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. రెండు రోజులు బస్సులో వెళ్లొచ్చాడు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

అసలు ఆయిల్ లోపల ఏం చేస్తుందో తెలుసుకుందామని హాస్టల్‌కి తిరిగొచ్చాక కూర్చున్నాను. అప్పుడు ఎదురైన మనిషి ఆస్‌బోర్న్ రెనాల్డ్స్. అవును, 2000 దాటితే టర్బులెంట్ అని మనం బట్టీ పట్టే నంబర్ ఆయనదే. పైపులో రంగునీళ్లు వదిలి చూసిన ఆ ప్రయోగం 1883 నాటిది. నూనె సంగతి మూడేళ్ల తర్వాత వచ్చింది. నన్నడిగితే అదే పెద్ద పని.

ఆయన 1842లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. తండ్రి చర్చిలో మతాచార్యుడు, స్కూలు హెడ్మాస్టరు కూడా. లెక్కలు బాగా వచ్చినవాడు. వ్యవసాయ యంత్రాల మీద పేటెంట్లు కూడా తీసుకున్నాడట. కొడుక్కి యంత్రాల పిచ్చి ఆయన నుంచే అంటింది. 1861లో కుర్రాడు కాలేజీకి కాకుండా స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒక ఇంజినీరు వర్క్‌షాపులో పనికి చేరాడు. చేత్తో చేస్తున్న పనికి కారణం కావాలంటే లెక్కలు తప్పవని అక్కడ తెలిసొచ్చింది. తర్వాతే కేంబ్రిడ్జి. 1867లో గణితంలో ఏడో ర్యాంకుతో బయటికొచ్చాడు. మనం ముందు ఎం-1, ఎం-2, ఎం-3 దాటుకుని ఎప్పుడో షెడ్డు మొహం చూస్తాం. ఆయనది సరిగ్గా తలకిందులు.

మరుసటి ఏడాది మాంచెస్టర్‌లోని ఓవెన్స్ కాలేజీలో ఇంజినీరింగ్ ప్రొఫెసర్ అయ్యాడు. అప్పటికి 25 ఏళ్లు. ఆ ఏడాదే పెళ్లయింది, మరో ఏడాదికే భార్య పోయింది. ఉద్యోగం మాత్రం అదే కాలేజీలో 1905 దాకా. పాఠం చెప్పడంలో ఘనుడేమీ కాదు. ఎలక్ట్రాన్ కనిపెట్టిన జె.జె. థామ్సన్ కుర్రాడిగా ఆయన క్లాసులో కూర్చున్నవాడే. పెద్దయ్యాక రాసిన జ్ఞాపకాల్లో సరదా సంగతి ఒకటి చెప్పాడు. సారు ఆలస్యంగా పరుగున వచ్చి, టెక్స్ట్‌బుక్ ఎక్కడో ఒకచోట తెరిచి, అందులో ఫార్ములా తప్పనేవాడట. పిల్లలకి వీపు పెట్టి, తనలో తనే గొణుక్కుంటూ, బోర్డు మీద రాయడం, తుడవడం, మళ్లీ రాయడం. గంట కొట్టే వేళకి పుస్తకంలో ఉన్నదే కరెక్ట్ అని తేలేది. ఇలాంటి సార్లు మనకూ ఉన్నారు, పేర్లు వద్దు.

ఇక నూనె దగ్గరికి వద్దాం. 1880ల్లో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఇరుసు అడుగుభాగం నూనె తొట్టిలో మునిగి ఉంటుంది, పైన ఇత్తడి బేరింగు బరువు మోస్తుంది. పై నుంచి నూనె పోద్దామని బేరింగు నడినెత్తిన అరంగుళం బెజ్జం వేశాడు. ఇరుసు తిరగ్గానే పోయాల్సిన నూనె లోపల్నుంచే పైకి తన్నుకొచ్చింది. కార్కు పెట్టాడు, ఊడిపోయింది. చెక్క బిరడా కొట్టాడు, అదీ మెల్లగా బయటికొచ్చేసింది. చివరికి ప్రెజర్ గేజి బిగిస్తే ముల్లు 200 దాటిపోయింది. బేరింగు మీద వేసిన బరువు చూస్తే సగటున చదరపు అంగుళానికి 100 పౌండ్లే!

ఎందుకలా అన్నది 1886లో రెనాల్డ్స్ లెక్కగట్టి చెప్పాడు. ఇరుసు బేరింగులో సరిగ్గా మధ్యన కూర్చోదు, కాస్త పక్కకి జరుగుతుంది. దాంతో సందు ఒకవైపు వెడల్పుగా మొదలై ఇరుకవుతూ పోతుంది. తిరిగే ఇరుసు నూనెని తనతో లాక్కెళ్లి ఆ ఇరుకులోకి తోస్తుంది. జారిపోయే దారి లేక నూనెలో ఒత్తిడి పుట్టి, అంత బరువునీ పైకెత్తేస్తుంది. వాననీళ్లు నిలిచిన రోడ్డు మీద స్పీడుగా వెళ్లే కారు టైరు నీళ్ల మీద తేలిపోవడం చూశారుగా, అదే పద్ధతి. అంటే ఇనుము ఇనుముని తాకదు, మధ్యలో పొర మోస్తుంది. ఆ పొరని పుట్టించేది పంపు కాదు, తిరగడమే. అందుకే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పొర సరిగా ఉండదు, అరుగుదల అప్పుడే ఎక్కువ. పొద్దున్నే కిక్ కొట్టగానే రెయిజ్ చేసే మా హాస్టల్ వీరులు గమనించగలరు.

అదే వ్యాసం కోసం ఆయన ఆలివ్ నూనె చిక్కదనం కూడా కొలిచాడు. వేడెక్కే కొద్దీ అది ఎంతగా పల్చబడుతుందో చూసి సూత్రం కట్టాడు. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉండేది ఈ గొడవ గురించే. మొదటి అంకె చలిలో ఎలా పారుతుందో చెబుతుంది, రెండోది ఇంజిన్ వేడిలో ఎంత చిక్కగా మిగులుతుందో. మంచి సింథటిక్‌లో అణువులు దాదాపు ఒకేలా ఉంటాయి, కాబట్టి వేడికి త్వరగా పాడవదు, చలికి గడ్డకట్టదు. అక్కడిదాకా నేను నాన్నకి చెప్పింది నిజమే.

తప్పిందల్లా మిగతాది. మసి, దుమ్ము, పెట్రోలు ఏ ఆయిల్లోనైనా కలుస్తాయి. ఆమ్లాల్ని చంపే మందులు సింథటిక్‌లోనూ అయిపోతాయి. పైగా బైకులో ఇంజిన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ ఒకటే ఆయిల్. చిక్కదనం నిలిపే పొడుగాటి పాలిమర్లని గేరు పళ్లు నలిపేస్తాయి. కార్ల ఆయిల్లో చాలావాటికి రాపిడి తగ్గించే మందు కలుపుతారు. ఆయిల్లో మునిగి ఉండే క్లచ్ ప్లేట్లకి ఆ రాపిడే కావాలి. బైకు డబ్బా మీద జాసో ఎంఏ అని రాసుంటుంది, చూడండి. నేను చూడలేదు.

రెనాల్డ్స్ చివరి రోజులు చదివితే కష్టమనిపిస్తుంది. 1903లో, విశ్వమంతా సన్నని గింజలతో నిండి ఉందంటూ పెద్ద పుస్తకం వేశాడు. అది నిలబడలేదు. ఆరోగ్యం చెడి 1905లో కాలేజీ వదిలేశాడు. 1912లో సోమర్‌సెట్‌లోని వాచెట్ అనే చిన్న ఊళ్లో పోయాడు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు నా డబ్బుతోనే క్లచ్ ప్లేట్లు వేయించాను. ఈసారి బండి పుస్తకం తీసి, అందులో ఉన్న గ్రేడే, ఎంఏ గుర్తున్న సింథటిక్ తెచ్చాను. నాన్న తిరిగేది దుమ్ము రోడ్లు, కిలోమీటరుకోసారి ఆగడం, వెనక క్యాన్లు. అందుకే నా 10,000 వదిలేశాను, ఆయన 2000 వదిలేశాడు, 3000కి రాజీపడ్డాం. ఆయిల్ పోస్తూ టవర్ బిరడా కథ చెప్పాను. అంతా విని నాన్న అడిగింది ఒక్కటే, ఆ బిరడా సరిగ్గా బిగించి కొట్టారా అని.