జార్జి యూజీన్ ఓస్మాన్

జార్జి యూజీన్ ఓస్మాన్ (1809 మార్చి 27 - 1891 జనవరి 11) పారిస్ నగర పునర్నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెంచి పరిపాలనాధికారి. ఈయన పారిస్‌లోనే జన్మించాడు. 1853లో మూడవ నెపోలియన్ చక్రవర్తి ఈయనను సేన్ ప్రాంతానికి ప్రిఫెక్టుగా నియమించాడు. 1832, 1849లలో కలరా ప్రబలిన ఇరుకైన నగర మధ్యభాగాన్ని కూల్చి విశాలమైన రహదారులు, మురుగు కాలువలు, ఉద్యానవనాలు నిర్మింపజేశాడు. ఇళ్ళు కోల్పోయిన పేదలు అనేకులు శివార్లకు తరలిపోయారు.

నిధుల వివాదం

కొత్త పన్నులు వేయకుండా అప్పులతో పనులు సాగించడం ఈయన విధానం. రహదారి పక్కన మిగిలిన స్థలాల ధర పెరుగుతుంది కనుక వాటిని అమ్మి అప్పు తీర్చవచ్చని భావించాడు. అయితే 1858 నాటి ఉత్తర్వుతో ఆ మిగులు స్థలాలు పాత యజమానులకే దక్కాయి. ఖర్చు నగరానిది, పెరిగిన ధర వారిది అయింది. అప్పుడు గుత్తేదారులచే ముందుగా పెట్టుబడి పెట్టించి, వారికి నగరం వాయిదా పత్రాలు ఇవ్వసాగింది. వాటిని వారు క్రెడీ ఫోన్సియే బ్యాంకులో సొమ్ము చేసుకొనేవారు. ఇది శాసనసభ అనుమతి లేని అప్పేనన్న విమర్శలో నిజం లేకపోలేదు. 1868లో జూల్ ఫెర్రీ ఈ లెక్కలను ఎండగడుతూ ఒక పుస్తకం ప్రచురించాడు. 1869లో శాసనసభ తీవ్ర చర్చ అనంతరం ఆ అప్పును ఆమోదించినా, 1870 జనవరిలో ఈయన పదవి కోల్పోయాడు.

ఈయన పేరు పెట్టిన బూలెవార్డు నిర్మాణం 1927లో గాని పూర్తి కాలేదు.